నీళ్ళు ముట్టని ఇల్లు

“లోపలికి రాను తల్లీ. నా కొడుకు యాడుండాడో అది చెప్పండి, నా దోవన నేను పోతా.”

పొద్దున్నుంచి చెంగమ్మది ఇదే మాట. కాఫీ ఇస్తే ముట్టలేదు, చాప వేస్తే కూర్చోలేదు. దుకాణం పక్కనున్న మేడమెట్ల మీద, ఎండ మొహాన కొడుతున్నా కొంగు కప్పుకొని అక్కడే కూర్చుంది. ఆమె భర్త దొరస్వామి అయితే కూర్చోను కూడా లేదు. వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతున్నాడు. మోటారుసైకిలు చప్పుడు వినబడితే చాలు, ఆగి మెడ సాచి చూస్తున్నాడు.

వాళ్ళ కొడుకు సురేష్ నిన్న పొద్దున పనికి బయల్దేరినవాడు ఇల్లు చేరలేదు. సాయంత్రం తల్లి ఫోను చేస్తే మోగింది గాని ఎత్తలేదు. చీకటి పడ్డాక ఆ మోగడం కూడా ఆగిపోయింది.

విద్యాలక్ష్మి మేడ మీద వరండాలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. కూర్చుందన్న మాటే గాని ప్రాణమంతా కింద మెట్ల మీదే ఉంది. సురేష్ ఆమె అత్తవారి నీటిమోటార్ల దుకాణం కన్యకా మోటార్స్‌లో మెకానిక్కు. తాగడు, తిరగడు, చెప్పకుండా ఒక పూట మానడు. తాగుబోతైతే ఈపాటికి నలుగురూ నవ్వి ఊరుకునేవాళ్ళు. ఇలాంటివాడు రాలేదంటేనే గుండె జారిపోతుంది.

“ఇంకొక్కతూరి చూడు విద్యా,” అన్నాడు ఆమె భర్త దినకర్. అప్పుడే బస్టాండూ రైల్వేస్టేషనూ గాలించి వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

“ఎన్నితూర్లు చూసినా అదే గదండీ. నిన్న మధ్యాహ్నం పళ్ళిపట్టు రోడ్డులో కుప్పమ్మగారి మోటారు పని ముగించినాడు. ఫోటో కూడా పంపినాడు. సాయంత్రం తిరుత్తణి వచ్చినాడు. బస్టాండు దగ్గర ఫోను ఆగిపోయింది. అంతే.”

ఉగాదికి మెకానిక్కుల ఫోన్లలో యాప్ పెట్టించింది విద్యాలక్ష్మే. ఫిర్యాదు రాగానే ఏ మెకానిక్కు దగ్గరలో ఉన్నాడో అదే చూసుకుని పని అతనికి పంపేస్తుంది. ఎవరు ఎక్కడున్నదీ తెర మీద నీలం చుక్కలుగా కనిపిస్తుంది. అది వచ్చాక మోటారు చెడిన రైతు రోజుల తరబడి దారి చూడటం తప్పింది. తిరువళ్ళూరులో రెండో దుకాణం తెరిచారు. ఈ ఇంట్లో పంచాంగం చూడటం తగ్గి ఆ తెర చూడటం ఎక్కువైందని అత్తగారు కన్యకాంబ ఎత్తిపొడుస్తుంది గాని, తిరువళ్ళూరు కొట్టు తెరిచిన రోజున అందరికన్నా ముందు కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది ఆవిడే.

“ఏ కుప్పమ్మ?”

దొరస్వామి గొంతు. వీధిలో ఉన్నవాడు ఎప్పుడు వచ్చాడో, మెట్లెక్కి వరండా అంచున నిలబడ్డాడు.

“అదే, రోడ్డు పక్కన చెరుకు తోట ఉంది చూడు మామా, వాళ్ళు,” అంది విద్యాలక్ష్మి.

అంతసేపూ లేవని చెంగమ్మ ఒక్కసారిగా లేచింది. “ఆ గడపకా? ఆ గడపకా నా బిడ్డని పంపినారు?”

విద్యాలక్ష్మికి ఏమీ అర్థం కాలేదు. కుర్చీలో ఉన్న మామగారు జనార్ధనం వంక చూసింది. ఆయన చేతిలో ఉన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన మొహంలో రంగు మారింది.

“నేను పంపలేదు చెంగమ్మా,” అన్నాడు నెమ్మదిగా.

“మీరు కాకపోతే మీ ఇంటి మిషను పంపింది. ఏదైతే ఏం?” దొరస్వామి గొంతు లేచింది. “నా కూతురు మంజుకు, కుప్పమ్మ కొడుక్కు తాంబూలాలు మార్చుకొని, ఊరంతా చెప్పుకున్నాక, మనిషి చేత కబురంపి సంబంధం తిరగ్గొట్టినారు వాళ్ళు. ఆనాటినుంచి మా ఇంటోళ్ళు ఆ ఇంట నీళ్ళు ముట్టలేదు. వాళ్ళూ మా ఇంట ముట్టలేదు. మీకు తెలీదా శెట్టీ?”

“తెలుసు.”

“తెలిసి?”

జనార్ధనం కోడలి వైపు తిరిగాడు. “ఆ పక్క పల్లెల్లో మోటారు బాగైతే, మొదట వచ్చిన నీళ్ళు ఇంటావిడ చెంబుతో పట్టి మెకానిక్కు చేతికిస్తుంది. వాడు తాగితేనే పని ముగిసినట్టు. తాగకుండా వస్తే ఆ ఇంటిని అవమానించినట్టు. అందుకని సురేష్‌ను నేను ఎన్నడూ ఆ ఇంటికి పంపలేదు.”

“నిన్న ఏం చేసినాడో చెప్పండి!” అంది చెంగమ్మ. “తాగినాడా, చెంబు తోసేసినాడా? తోసుంటే వాళ్ళు ఊరకుంటారా? కుప్పమ్మ కొడుకులు చేతులు కట్టుకొని నిలబడే రకమా?”

“ఇంకేంది చెప్పేది,” దొరస్వామి జేబులోంచి ఫోను తీశాడు. “మా అన్న కొడుకుల్ని పిలుస్తా. చెరుకు తోటలో ఒక్కొక్క గడా పీకి వెతుకుతాం.”

“ఆగు దొరస్వామీ. నా మాట విను.”

“మీ మాట విని మీ కొట్టుకు పంపినా గదా శెట్టీ, వాడిని!”

 దినకర్ అడ్డుపోయి దొరస్వామి భుజం పట్టుకోబోతే విదిలించుకున్నాడు. ఇంకొక్క నిమిషం పోతే ఆ ఫోను వెళ్ళేది, ఊళ్ళో కర్రలు లేచేవి.

సరిగ్గా అప్పుడే తెర మీద చుక్క వెలిగింది.

“మామా!” విద్యాలక్ష్మి కేక పెట్టింది. “వచ్చినాడు! సురేష్ ఫోను ఆన్ అయింది! ఇదిగో, కదులుతా ఉంది చూడండి!”

అందరూ ఒకరి మీద ఒకరు పడుతూ తెర మీదికి వంగారు. పొద్దున్నుంచి గడప తొక్కని చెంగమ్మ ఇప్పుడు అందరికన్నా ముందుంది. ఆ రంగుల గీతల్లో ఆమెకు ఏమీ అర్థం కాదు. నీలం చుక్క మాత్రం కనబడుతోంది. అరక్కోణం రోడ్డు మీద నుంచి మార్కెట్టు మలుపు తిరిగింది. కాసేపు ఆగింది. ఆమె ఊపిరి కూడా ఆగింది. మళ్ళీ కదిలింది.

“ఇది నా కొడుకేనా తల్లీ?”

“అవును అత్తా. ఇట్లే వస్తా ఉండాడు. ఇదిగో మన వీధి.”

చెంగమ్మ ఏడుస్తూ నవ్వింది. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, “రానీ, వీపు విమానం మోత మోగిస్తా,” అంది. దొరస్వామి ఫోను జేబులో పెట్టేసి, ఏమీ జరగనట్టు మీసం సవరించుకున్నాడు.  అప్పటిదాకా తనెంత భయపడిందో విద్యాలక్ష్మికి అప్పుడే తెలిసింది.

కింద మోటారుసైకిలు ఆగింది. చెంగమ్మ రెండేసి మెట్లు దిగుతూ పరుగెత్తింది.

బండి దిగినవాడు సురేష్ కాదు. వాడి తోటి మెకానిక్కు తంగరాజు.

చెంగమ్మ అతని వెనక చూసింది, వీధి మలుపు దాకా చూసింది. ఎవరూ లేరు. తంగరాజు చేతిలో సురేష్ ఫోను ఉంది.

“వాడు ఇంకా రాలేదా?” అన్నాడు తంగరాజు. అనగానే అక్కడున్న మొహాలు చూసి అతని పెదవులు తెల్లబడ్డాయి. “అయ్యయ్యో కడవులే, దేవుడా.”

దొరస్వామి అతని చొక్కా పట్టుకున్నాడు. “యాడ్రా నా కొడుకు? వాడి ఫోను నీకాడ ఎందుకుంది?”

“నేనేమీ చెయ్యలేదు మామా, సత్తెంగా. ఫోన్లు మార్చుకున్నాం. అంతే. వాడే అడిగినాడు.”

దినకర్ విడిపించి తంగరాజును పైకి తీసుకొచ్చాడు. కన్యకాంబ తెచ్చిన నీళ్ళు గటగటా తాగాడు. తాగాక గానీ మాట రాలేదు.

“నిన్న యాప్ కుప్పమ్మగారిల్లు వాడికేసిందన్నా. వాడు పోలేడు. నాకేమో పళ్ళిపట్టు అవతల మామిడితోటలో బావి మోటారు పడింది. సరే, నీ ఫోను నాకియ్యి, నాది నువ్వు తీసుకో, నీ పని నేను చేస్తా, నా పని నువ్వు చెయ్యి అనుకున్నాం. ఫోను యాడుంటే మనిషి ఆడున్నట్టే గదా మిషనుకు. సాయంత్రం బస్టాండులో మార్చుకోవాల. వాడు రాలేదు. నా ఫోనుకు చేస్తే మోగింది, ఎత్తలేదు. లేటయింది, నేరుగా ఇంటికి పోయింటాడులే అనుకున్నా. వాళ్ళమ్మ ఫోను మీద ఫోను చేస్తా ఉండాది. ఎత్తితే గుట్టు బయటపడుతుందని ఆపేసినా.”

“ఆపేసినావా?” చెంగమ్మ నెమ్మదిగా అడిగింది. “నేను చేస్తా ఉంటే చూసి ఆపేసినావా నాయనా?”

తంగరాజు తల వంచుకున్నాడు. ఈసారి విద్యాలక్ష్మి అడిగింది.

“నాకు ఒక్క మాట చెప్పకూడదా తంగరాజూ? ఆ ఇంటికి పోలేనంటే మార్చనా నేను?”

“చెప్పినాడక్కా. మొదట్లోనే ఒకతూరి వచ్చి, కొన్నిండ్లకు నేను పోలేనక్కా అన్నాడు. మిషన్లో వచ్చిన పని కాదనకూడదు, అందరికీ ఒకటే రూలు అన్నారు మీరు. అప్పట్నుంచి మేమే సర్దుకుంటా ఉండాం. వాడొక్కడే కాదు, అందరం. ఎవరికి పోకూడని ఇల్లు పడితే వాళ్ళు.”

విద్యాలక్ష్మికి గుర్తొచ్చింది. కంప్యూటరు మీంచి తల ఎత్తకుండానే అన్నది ఆ మాట. సురేష్ ఇంకా ఏదో చెప్పబోయి, చెప్పకుండా వెళ్ళిపోయాడు.

“చూసినావా?” అన్నాడు జనార్ధనం. గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువుంది. “ఎవరింటికి ఎవర్ని పంపాలో, ఎవర్ని పంపకూడదో, బావి పనికి ఇద్దర్ని జోడీగా ఎందుకు పంపాలో అంతా నా తలలో ఉండె. నువ్వు ఒక్కనాడు అడగలేదే అమ్మా.”

“అడిగినా మామా. అడిగితే, అవన్నీ నీకెందుకులే, ఆడపిల్లవి, లెక్కలు చూసుకో అన్నారు. మీ తలలో ఉన్నది మిషనుకు యాడ తెలుస్తుంది? నాకు మాత్రం యాడ తెలుస్తుంది?”

ఆ ఇంట్లో మామగారి మొహాన ఎవరూ అలా మాట్లాడి ఎరగరు.  జనార్ధనం కోడలిని తేరిపార చూసి, వీధి వైపు తిరిగిపోయాడు. పైకి ఒప్పుకోడు గాని, ఆ మాటలో తప్పు లేదని ఆయనకీ తెలుసు.

“మీ జగడం పాడుగాను!” అన్నాడు దొరస్వామి. “నా కొడుకు ఆ మామిడితోటకు పోయినాడా లేదా, అది చూడండి ముందు!”

విద్యాలక్ష్మి తంగరాజు పేరు నొక్కింది. పొద్దున్నుంచి అందరూ సురేష్ చుక్క వెతికారే గాని, తంగరాజు చుక్క ఎక్కడుందని ఎవరు చూస్తారు? తంగరాజు తప్పిపోయినవాడు కాదు కదా.

మామిడితోట, బావి మోటారు. పని మొదలు. అంతే. ముగిసిన గుర్తు లేదు, ఫోటో లేదు. రాత్రి ఎప్పుడో ఛార్జి అయిపోయి ఫోను ఆగిపోయినట్టుంది. చివరిదాకా చుక్క తోటలోనే ఉంది.

దాని కింద ఎర్ర అక్షరాల్లో ఒక వరుస. హెచ్చరిక. ‘ఫోను చాలాసేపటిగా కదలడం లేదు. మనిషిని విచారించండి.’

ఆ వరుస పక్కనే: ‘చూడబడింది. క్షేమం. విద్యాలక్ష్మి.’

నొక్కింది తనే.

నిన్న సాయంత్రం, పొద్దు ఇంకా ఉండగానే. కింద దుకాణంలో కూర్చుని ఉంది. తిరువళ్ళూరు కొట్టు నుంచి ఒకరు ఫోనులో అరుస్తున్నారు, ఎదురుగా ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నారు. ఆ వేళలో కంప్యూటరు గంట మోగించింది, తంగరాజు ఫోను కదలడం లేదని. తల ఎత్తి చూస్తే ఎదురుగా టీకొట్టు దగ్గర తంగరాజు నిక్షేపంగా టీ తాగుతున్నాడు. ఏదో స్పేరు పార్టు కోసం వచ్చినట్టున్నాడు. ఆమెను చూసి చెయ్యి కూడా ఊపాడు. ఫోను ఎక్కడో మరిచిపోయి వచ్చాడు, తర్వాత మందలించాలి అనుకుంది. క్షేమం అని నొక్కేసింది. తర్వాత మరిచిపోయింది.

కళ్ళెదుట మనిషి ఉంటే ఎవరైనా అదే చేస్తారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా ఆ వరుసే మళ్ళీ మళ్ళీ చదివింది.

భుజం మీదుగా దినకర్ కూడా ఆ వరుస చదివాడు. చదివి, మెల్లగా ల్యాప్‌టాప్ మూత వేశాడు.

“తోటలోనే ఉండాడు,” అన్నాడు అందరికీ వినబడేలా. “పదండి, కారు తీస్తా. నాన్నా, ఆ తోట సొంతదారుకు ఫోను చెయ్యండి. విద్యా, ఒక్క నిమిషం లోపలికి రా.”

వంటింట్లోకి వెళ్ళగానే తలుపు దగ్గరగా వేశాడు.

“ఆ విషయం ఇప్పుడు నోరెత్తొద్దు.”

“ఎందుకు?”

“ఎందుకేంది? దొరస్వామి ఇందాక ఎట్ల రేగినాడో చూడలే? పిల్లోడికి ఏదన్నా అయ్యుంటే...” ఆ మాట మధ్యలోనే మింగేశాడు. “నువ్వు చూసి వదిలేసినావని తెలిస్తే మనల్ని ఊళ్ళో ఉండనిస్తారా? పోలీసు కేసవుతుంది. మిషను చెప్పలేదు అందాం. ఎవరు అడుగుతారు?”

“చెప్పింది గదండీ. అది చెప్పింది. నేనే...”

“విద్యా. నీ కోసరమే చెప్తా ఉండా.”

నిజంగానే ఆమె కోసమే చెప్తున్నాడు. ఆ సంగతి ఆమెకు ఇంకా కష్టంగా ఉంది. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేది. చెయ్యి పట్టుకుని బతిమాలుతున్నాడు.

స్టవ్వు వెనక చప్పుడైంది. కన్యకాంబ. ఎప్పటినుంచి ఉందో, అంతా విన్నట్టే ఉంది. కొడుకు మొహం చూసింది, కోడలి మొహం చూసింది.  సంచిలో రెండు రొట్టెలు, ఒక పాత దుప్పటి పెట్టి విద్యాలక్ష్మి చేతికిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయింది. అత్తగారు ఎత్తిపొడవకుండా ఉండటం విద్యాలక్ష్మికి ఎన్నడూ ఇంత భయం కలిగించలేదు.

జనార్ధనం ఫోను పెట్టేస్తూ చెప్పాడు. తోట సొంతదారు తిరునిన్రవూరులో ఉంటాడు. ఆదివారాల్లో తప్ప రాడు. కాపలా మనిషి దాయాదుల ఇంట చావుకని నిన్న పొద్దునే ఊరికి పోయాడట. మెకానిక్కు వస్తే గేటు తీసే ఉంటుంది, పని చేసుకుని పొమ్మన్నారు.

అంటే నిన్నటి నుంచి ఆ తోటలో మనిషి అన్నవాడు లేడు.

కారు దినకర్ నడుపుతున్నాడు. పక్కన దొరస్వామి డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి, బండిని తనే ముందుకు తోస్తున్నవాడిలా వంగి కూర్చున్నాడు. వెనక విద్యాలక్ష్మి, చెంగమ్మ. తంగరాజు బండి మీద ముందు పోతున్నాడు.

ఊరు దాటాక చెంగమ్మ చెయ్యి వచ్చి విద్యాలక్ష్మి చేతి మీద పడింది. కలుపు తీసి తీసి గరుకెక్కిన చెయ్యి.

“పొద్దున నోటికొచ్చినట్ల మాట్లాడినా. మనసులో పెట్టుకోవద్దు తల్లీ.”

“అయ్యో, అదేమీ లేదు అత్తా.”

“ఆ మిషను లేకుంటే యాడని వెతుకుదుం? నువ్వు చూసినావు గాబట్టి తోట అని తెలిసె. నీ కడుపు సల్లగుండా.”

విద్యాలక్ష్మి నోరు తెరిచింది. ముందరి అద్దంలో దినకర్ కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. వద్దు అన్నట్టు కొంచెం తల ఆడించాడు. ఆమె నోరు మూసుకుంది. చెంగమ్మ చెయ్యి మాత్రం తీయలేదు. ఆ చెయ్యి కింద నుంచి తన చెయ్యి లాగేసుకోవాలని ఉంది, లాగేసుకుంటే ఏమనుకుంటుందోనని ఉంది. పళ్ళిపట్టు దాకా అలాగే కూర్చుంది.

చెప్పేస్తే ఏమవుతుంది? ఈ చెయ్యి తీసేస్తుంది. అంతకన్నా ఏమవుతుంది, తీసేయనీ. సురేష్ కులాసాగా ఉంటే చెప్పేస్తాను. కులాసాగా లేకపోతే? అప్పుడు చెప్పగలనా? చెప్పకుండా ఉండగలనా?  తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకుంది. కొండ మీది సుబ్రహ్మణ్యస్వామికి ఏదో మొక్కుకుంది గాని, ఏం మొక్కుకుందో ఆమెకే తెలియలేదు.

తోట గేటు బార్లా తెరిచి ఉంది. లోపల చెట్ల కింద సురేష్ బండి, స్టాండు వేసి నిలబెట్టి ఉంది. సీటు మీద ఎండుటాకులు రాలి ఉన్నాయి.

“సురేషూ!”

దొరస్వామి కారు ఆగకముందే దూకాడు. బావి తోట నడుమ ఉంది, ముళ్ళకంప అడ్డం పెట్టి ఉంది. పాతకాలపు పెద్ద బావి. పక్క గోడకి రాతిమెట్లు, సగం లోతులో మోటారు కూర్చోబెట్టిన సిమెంటు దిమ్మె. గట్టు మీద పనిసంచి, దాని మీద నీటుగా మడిచిపెట్టిన చొక్కా. చొక్కా మీద తంగరాజు ఫోను. నీళ్ళలో పడుతుందని పైన పెట్టి దిగే అలవాటు వాళ్ళందరికీ.

మెట్లలో ఒకటి విరిగి ఉంది. విరిగిన చోట రాయి రంగు కొత్తగా ఉంది.

“సురేషూ! ఒరే నాయనా!”

ఏమీ వినబడలేదు. ఎక్కడో చెట్టు మీద కాకి అరిచింది. చెంగమ్మ గట్టు మీద బోర్లా పడుకుని తల లోపలికి పెట్టింది. విద్యాలక్ష్మి ఆమె పడిపోకుండా రెండు కాళ్ళూ పట్టుకుంది. 

“అమ్మా.”

సన్నగా, గీరుకుపోయిన గొంతు.

“ఉండాడు! ఉండాడు!” దొరస్వామి గుండెలు బాదుకుంటూ ఏడ్చాడు. అంత మనిషి అలా ఏడవడం చూసి తంగరాజు కూడా ఏడ్చాడు. ఏడుస్తూనే ఇద్దరూ గోడ పట్టుకుని, విరిగిన మెట్టు దాటుకుంటూ దిగడం మొదలుపెట్టారు. దినకర్ సిగ్నలు కోసం ఫోను ఎత్తి పట్టుకుని గేటు వైపు పరుగెత్తాడు, అంబులెన్సుకూ ఫైరు ఆఫీసుకూ చెప్పడానికి.

విద్యాలక్ష్మి కూడా వంగి చూసింది. దిమ్మె మీద, మోటారు పక్కన, గోడకు ఆనుకుని సురేష్. కుడికాలు ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. మోకాలి కింద నల్లగా ఉబ్బిపోయింది. మొహం మాత్రం నవ్వడానికి ప్రయత్నిస్తోంది.

“కదలొద్దురా,” అంది చెంగమ్మ. “నాయన వస్తా ఉండాడు. భయపడినావా? రేత్రంతా ఒక్కడివే, ఎంత భయపడినావో కొడకా.”

“మొదట్లో భయం లేదమ్మా.” మాటమాటకీ ఆగుతున్నాడు. “మీరు వస్తారని తెలుసు గదా.”

“ఎట్ల తెలుసురా? మాకే పొద్దున తెలిసె.”

“ఫోను చెప్పిందిమా. చేతికి అందదు గాని, పైనించి గట్టిగా చదువుతుంది గదా, మన చేతులు గ్రీజుగా ఉంటాయని అక్క అట్ల పెట్టించింది. కాలు విరిగినాక కొంచేపటికే చెప్పింది. ఆఫీసు పార్త్తాచ్చు, ఆఫీసు చూసేసింది అని.” పొడిదగ్గు దగ్గాడు. “అప్పుడు రోడ్డు మీద మనుషులు పోతా ఉండిరి. ఆడోళ్ళ మాటలు వినబడె. అరిచుంటే వచ్చుందురు. ఎందుకులే, ఆఫీసోళ్ళు వస్తా ఉండారు గదా అని ఊరకుండిపోయినా. పొద్దుగూకినాక అరిచినా. అప్పటికి ఎవురూ లేరు.”

విద్యాలక్ష్మి గట్టు మీంచి వెనక్కి జరిగింది.

చెంగమ్మ చేతుల మీద లేచి, నెమ్మదిగా మెడ తిప్పింది. ఆమె కళ్ళలో ఇంకా కోపం లేదు. అర్థం కాని చూపు, అంతే. అదే విద్యాలక్ష్మి భరించలేకపోయింది.

“వీడేంది తల్లీ, నిన్ననే ఆఫీసు చూసింది అంటా ఉండాడు? ఎవురు చూసినారు?”

ఫోను చేసి తిరిగి వచ్చిన దినకర్ ఆ మాట విన్నాడు. గబగబా ముందుకొచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

“అది మిషను అత్తా. మనిషి కాదు. దానంతట అదే అట్ల చెప్తా ఉంటుంది. మిషన్లు అంతే గదా. అంబులెన్సు బయల్దేరింది, వచ్చేస్తుంది.”

చెంగమ్మ ఆ మాట నమ్మింది. సరేనన్నట్టు తల ఊపి, మళ్ళీ కొడుకు వైపు తిరగబోయింది.

“కాదు అత్తా,” అంది విద్యాలక్ష్మి. “మిషను కాదు. నిన్న చూసింది నేను.”